‘షోలో’ జాతి కుక్కకి నూనె రాయాలా వద్దా? ఒంటి నిండా మొటిమలు

తెనాలి_తులసి
మేముండేది టెక్సాస్, శాన్ ఆంటోనియో. ఇంట్లో ఒక షోలో ఉన్నాడు. పూర్తి పేరు షోలోయిట్స్‌క్వింట్లీ. నోరు తిరగకపోతే మెక్సికో బొచ్చులేని కుక్క అనుకోండి. మూడు సైజుల్లో మావాడిది మధ్యది. పేరు నేరేడు, రంగూ అదే. ఛాతీ మీద మాత్రం అరచెయ్యంత గులాబీ మచ్చ. ఇంకా ఏడాది నిండలేదు. నడినెత్తిన నాలుగు వెంట్రుకలు, తోక చివర ఇంకో నాలుగు, అదే వాడి ఆస్తి.

గొడవేంటంటే, వీపు మీద, తోక మొదట్లో, గడ్డం కింద నల్లటి గింజలు లేస్తున్నాయి. నొక్కితే సన్నటి తెల్ల పోగు బయటికొస్తుంది. కొన్ని ఎర్రబడి చీము పట్టాయి. అమ్మిన ఆవిడ రోజూ లోషన్ రాయమంది. గ్రూమింగ్ షాపువాళ్ళు వారం వారం స్క్రబ్ చేయించాలన్నారు (డబ్బులు వాళ్ళకే కదా). దగ్గర్లోని డాక్టరు "ఈ జాతిని చూడ్డం ఇదే మొదటిసారి" అని నవ్వి ఏదో క్రీమ్ రాసిచ్చాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, మా అమ్మ ఒక ఎత్తు. తెనాలి నుంచి దిగిన దగ్గర్నించీ వాడికి నువ్వుల నూనె మర్దనా, ఆ పైన సున్నిపిండితో నలుగు. ఆపమ్మా అంటే "బొచ్చు లేని ఒళ్ళు, నూనె లేకపోతే పగిలిపోదూ? నిన్నూ ఇలాగే పెంచాను" అంటుంది. వాడేమో నూనె గిన్నె చప్పుడు వినగానే వెళ్ళి ఆవిడ ముందు పడుకుంటాడు. ఎవరి మాట వినాలి నేను?

బుజ్జిగాడి_నాన్న
ముందు ఫోటో పెట్టండి. మా లాబ్రడార్ రాల్చే బొచ్చుతో మీవాడికి ఏటా ఒక స్వెటర్ అల్లించి పంపుతా.

కడప_కారం
నలుగు పెట్టించుకునే కుక్క. వాడి జాతకం వాడిదబ్బా.

అరిజోనా_అన్నపూర్ణ
నూనె ఈ రాత్రి నుంచే ఆపండి. మా ఇంట్లో ఇప్పుడున్నది రెండో షోలో, పెద్ద సైజుది. ఫీనిక్స్ ఎండల్లో పెంచుతున్నాం కాబట్టి చర్మం గురించి కాస్త తెలుసు.

వీటి చర్మం మనం అనుకునేంత సుకుమారం కాదు, మందంగానే ఉంటుంది. ఎండాకాలం నల్లబడుతుంది, చలికాలం రంగు తగ్గుతుంది. మనం చెయ్యాల్సింది చాలా తక్కువ. పది పన్నెండు రోజులకోసారి గోరువెచ్చటి నీళ్ళతో, వాసన లేని కుక్కల షాంపూతో స్నానం. మెత్తటి గుడ్డతో రుద్దితే చాలు. తుడిచాక ఎక్కడైనా తెల్లగా పొడిబారి ఉంటే, మోచేతుల దగ్గరా తొడల వెనకా, అక్కడ మాత్రం పలచటి లోషన్ ఒక చుక్క. ఒళ్ళంతా పులమక్కర్లేదు. లానోలిన్ ఉన్న లోషన్ కొనకండి. అది గొర్రె ఊలు మైనం, చాలా షోలోలకి పడదు.

ఏడాది లోపు మొటిమలు వీటికి మామూలే. కుర్రతనం దాటాక చాలా వరకు వాటంతటవే తగ్గుతాయి. గింజలు గిల్లకండి, గిల్లితే మచ్చ పడిపోతుంది.

క్రెస్టెడ్_చిన్ని
నేను ఒప్పుకోను. మాది చైనీస్ క్రెస్టెడ్, అదీ బొచ్చులేనిదే. బెంగళూరులో మొదటి నుంచీ కొబ్బరినూనె రాస్తున్నాం, ఒక్క మొటిమ లేదు. నూనె తప్పు కాదు, ఎంత రాస్తున్నారన్నది చూడాలి. తులసిగారి అమ్మగారు ఎంత రాస్తున్నారో చెప్పలేదు.

తెనాలి_తులసి
@క్రెస్టెడ్_చిన్ని సోఫా మీద వాడి ఆకారం అచ్చు పడేంత.

పశువుల_డాక్టర్
నూనె పంచాయితీ తర్వాత. ముందు స్కిన్ స్క్రేపింగ్ చేయించండి. ఏడాది లోపు కుక్కకి నల్ల గింజలు, చీము పొక్కులు వచ్చాయంటే డెమోడెక్స్ పురుగు ఉందో లేదో చూడకుండా ఏ క్రీమూ రాయకూడదు. పెద్ద పనేం కాదు. మొద్దు బ్లేడుతో చర్మాన్ని కాస్త రక్తం చెమర్చేదాకా గీకి, ఆ గీకింది మైక్రోస్కోపు కింద చూస్తారు. ఒక చీము పొక్కు నుంచి అద్ది బాక్టీరియా ఉందేమో కూడా చూడమనండి. షోలోని ఇదివరకు చూడకపోయినా ఈ రెండు పరీక్షలూ ప్రతి డాక్టరుకీ వచ్చు.

ఆ క్రీమ్ గొట్టం మీద ఏం రాసుందో ఇక్కడ టైప్ చెయ్యండి.

తెనాలి_తులసి
బీటామెథసోన్, జెంటామైసిన్ అని ఉంది డాక్టరు గారూ.

పశువుల_డాక్టర్
మొదటిది స్టెరాయిడ్. లోపల డెమోడెక్స్ ఉంటే స్టెరాయిడ్ దానికి ఎరువే. స్క్రేపింగ్ అయ్యేదాకా గొట్టం పక్కన పెట్టండి. కుదిరితే చర్మం స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళండి.

ఓరుగల్లు_పోరడు
నాకొక డౌటు అన్నలు. బొచ్చే లేనప్పుడు మొటిమలు ఎట్ల వస్తయి? మొటిమ అంటే వెంట్రుక కుదురు కాడనే కద వచ్చేది.

జన్యు_జంగయ్య
@ఓరుగల్లు_పోరడు మంచి ప్రశ్న, అసలు కీలకం అక్కడే ఉంది. బొచ్చు లేదు గానీ కుదుళ్ళు ఉన్నాయి. సరిగ్గా తయారు కాని కుదుళ్ళు. పక్కనే నూనె గ్రంథి తన పని తాను చేసుకుపోతుంటుంది. మామూలు కుక్కలో ఆ జిడ్డు వెంట్రుక వెంబడి పైకి పాకి బొచ్చంతా పరుచుకుంటుంది. ఇక్కడ పైకి తీసుకొచ్చే వెంట్రుక లేదు. జిడ్డు, చచ్చిన కణాలు కలిసి కుదురు నోట్లో బిరడాలా ఇరుక్కుంటాయి. తులసిగారు చెప్పిన తెల్ల పోగు అదే. దాని మీద ఇంకో పూత నువ్వుల నూనె వేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి.

కారణం ఎఫ్‌ఓఎక్స్‌ఐ3 అనే జన్యువు. అందులో 7 డీఎన్‌ఏ అక్షరాల చిన్న ముక్క రెండుసార్లు పడింది, అంతే తేడా. 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది. మెక్సికో షోలో, పెరూ బొచ్చులేని కుక్క, చైనీస్ క్రెస్టెడ్, మూడింట్లోనూ అదే మార్పు. మార్పు చుట్టుపక్కల జన్యుభాగం కూడా ఒకటే. అంటే ఎప్పుడో ఒక్క కుక్కలో మొదలై మూడు జాతుల్లోకి పాకిందన్నమాట.

క్రెస్టెడ్_చిన్ని
అంటే మా చిన్నది చైనాది కాదా???

బుజ్జిగాడి_నాన్న
చైనా మాల్ అని రాసున్నవన్నీ చైనావి కావని ఇప్పటికైనా తెలిసింది.

జన్యు_జంగయ్య
చైనాలో పుట్టిందనడానికి గట్టి ఆధారం లేదు. అమెరికా ఖండాల నుంచి ఓడల మీద తిరుగుతూ వచ్చిందనే చాలామంది అనుకుంటారు. అమెరికన్ హెయిర్‌లెస్ టెర్రియర్ అని ఇంకోటుంది. దాని జన్యువు వేరు, పళ్ళన్నీ సరిగ్గా ఉంటాయి. దాన్ని ఈ ముగ్గురితో కలపొద్దు.

కడప_కారం
ఏమో సామీ. మా వీధిలో గజ్జి పట్టిన కుక్కలు అచ్చం ఇట్లే ఉంటాయి. వాటిని ఎవురూ లక్షలు పోసి కొనరు. ఆ దుడ్లతో పది వీధి కుక్కలకి వైద్యం చేయించొచ్చు కదా?

గ్వాదలహారా_గిరి
@కడప_కారం ఇక్కడ మెక్సికోలో ఇదీ ఒకప్పుడు ఊరకుక్కే. నేను పనిచేసేది గ్వాదలహారాలో. మా ఇంటి ఓనరమ్మకి ఒక ముసలి షోలో ఉంది. రాత్రిళ్ళు ఆవిడ మోకాళ్ళ మీద అది పడుకోవాల్సిందే, కీళ్ళ నొప్పులకి మందట. నిజంగానే ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, వేడినీళ్ళ సంచీ అక్కర్లేదు. వీటి ఒంటి వేడి మిగతా కుక్కల కంటే ఎక్కువని ఇక్కడ అందరూ నమ్ముతారు.

పశువుల_డాక్టర్
ఎక్కువ కాదు. ఏ కుక్కకైనా మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 సెల్సియస్. మనది 37. మామూలు కుక్కని తాకితే మధ్యలో బొచ్చు అడ్డం. ఇక్కడ నేరుగా చర్మం తగులుతుంది కాబట్టి మనకి కాలుతున్నట్టు ఉంటుంది. షోలోకి థర్మామీటరు పెట్టకుండా చెయ్యి వేసి జ్వరం అనుకుని మందు వేసే వాళ్ళున్నారు, అందుకని చెబుతున్నా.

గ్వాదలహారా_గిరి
ఈ మాట ఓనరమ్మకి చెబితే నన్ను ఇల్లు ఖాళీ చేయిస్తుంది.

పాతరాతియుగం
కడప వారి ప్రశ్నకి కాస్త చరిత్ర కలుపుతాను. గిరిగారూ, మీకు దక్షిణాన కొలీమా అని చిన్న రాష్ట్రం ఉంది కదా. అక్కడ బావిలా నిలువుగా తవ్విన సమాధుల్లో మట్టి కుక్కలు దొరికాయి, సుమారు క్రీ.పూ. 300 నుంచి క్రీ.శ. 300 మధ్యవి. ఎర్రమట్టి, నున్నగా మెరుగు పెట్టింది. పొట్టి కాళ్ళు, బొద్దు పొట్ట. కొన్ని నోట్లో మొక్కజొన్న కంకి పట్టుకుని ఉంటాయి.

స్పెయిన్ వాళ్ళు రాకముందు మెక్సికోని ఏలిన అజ్‌టెక్‌ల దగ్గరికొస్తే కథ ఇంకా బాగుంటుంది. చచ్చినవాళ్ళు మిక్త్లాన్ అనే లోకానికి పోతూ ఒక నది దాటాలి. దాటించేది కుక్క. 16వ శతాబ్దంలో సహాగున్ అనే స్పెయిన్ సన్యాసి స్థానికుల నోటి నుంచి విని రాయించిన దాంట్లో ఉంది ఇది. ఒడ్డున తెల్ల కుక్కని అడిగితే "ఇప్పుడే స్నానం చేశాను, రాను" అంటుంది. నల్ల కుక్క "ఇప్పుడే ఒళ్ళు మసి చేసుకున్నా, రాను" అంటుంది. పసుపు రంగు కుక్క ఒక్కటే వీపు మీద మోసుకుని దాటిస్తుంది.

బుజ్జిగాడి_నాన్న
మనకి వైతరణి దగ్గర ఆవు తోక పట్టుకుంటే చాలు. వాళ్ళు కుక్కల మూడ్ కూడా చూసుకోవాలి పాపం.

కడప_కారం
తులసమ్మా, నీ నేరేడు నలుపు. వాడు దాటించడు. రాసిన నూనె అంతా బూడిదలో పోసిన పన్నీరే.

జన్యు_జంగయ్య
@పాతరాతియుగం ఒక్క అభ్యంతరం. మట్టి బొమ్మ నున్నగా ఉందని అది బొచ్చులేని కుక్కే అనేస్తే ఎలా? మట్టితో చేస్తే ఏ కుక్కైనా నున్నగానే వస్తుంది.

పాతరాతియుగం
ఒప్పుకుంటా. చర్మం ముడతలు గీసిన బొమ్మలు కొన్ని ఉన్నాయి, వాటి మీద వాదించొచ్చు. అన్నీ షోలోలే అనడం మ్యూజియం దుకాణంలో బొమ్మలు అమ్ముకునేవాళ్ళ మాట. అంత బొద్దుగా ఎందుకున్నాయంటే బలిసేలా మేపి తినేవాళ్ళు కాబట్టి. పవిత్రమైనదీ అదే, విందులోదీ అదే. స్పెయిన్ వాళ్ళు వచ్చాక వాళ్ళూ తిన్నారు. చివరికి జాతి కొండ ఊళ్ళలో మాత్రం మిగిలింది. 1954లో ఒక బృందం గెరెరో రాష్ట్రం వైపు మారుమూల ఊళ్ళు తిరిగి మంచి కుక్కల్ని ఏరి తెచ్చాకే మళ్ళీ నిలబడింది. మెక్సికో కెన్నెల్ సంఘం 1956లో గుర్తించింది.

అరిజోనా_అన్నపూర్ణ
అమెరికా వాళ్ళ కథ ఇంకా తమాషా. కుక్క జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ (ఏకేసీ) 1887లోనే ఈ జాతి కుక్కని రిజిస్టర్ చేసింది, 1959లో కుక్కలు లేవని జాబితా నుంచి తీసేసింది, 2011లో మళ్ళీ చేర్చింది. మూడు వేల ఏళ్ళ జాతి అంటూనే మధ్యలో యాభై ఏళ్ళు "మీరెవరో మాకు తెలీదు" అన్నారు.

తెనాలి_తులసి
అప్‌డేట్. వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. స్క్రేపింగ్‌లో పురుగు లేదు, బతికాను. చీములో బాక్టీరియా ఉంది. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం ఉన్న కుక్కల షాంపూ ఇచ్చింది. నురగ పెట్టి పది నిమిషాలు ఉంచి కడగాలట. పది నిమిషాలు వాణ్ణి తొట్టిలో నిలబెట్టడం ఎలాగో కూడా ఆవిడే చెప్పి ఉంటే బాగుండేది. మా అమ్మ పక్కన కూర్చుని తొట్టి అంచు మీద వేరుశెనగ బటర్ రాసింది. నాకుతూ నిలబడ్డాడు.

కానీ కొత్త బెంగ పట్టుకుంది. డాక్టరమ్మ నోరు తెరిచి చూసి "దవడ పళ్ళు చాలా లేవు" అంది. ముందు పళ్ళు కూడా ఒకటి రెండు లేవు, కోరలు ముందుకి వంగి ఉన్నాయి. అమ్మినావిడ రోగిష్టి పిల్లని అంటగట్టిందా?

జన్యు_జంగయ్య
లేదు. అదే జన్యువు పని. వెంట్రుకలూ పళ్ళూ గర్భంలో ఒకే పొర నుంచి తయారవుతాయి. అక్కడ తేడా వస్తే రెండింటికీ వస్తుంది. బొచ్చులేని షోలోకి చిన్న దవడ పళ్ళు లేకపోవడం మామూలు, కుక్కల ప్రదర్శనల్లో కూడా దాన్ని తప్పుగా పట్టరు. ఈ జాతిలో బొచ్చుతో పుట్టినవాటికి పళ్ళన్నీ ఉంటాయి.

ఓరుగల్లు_పోరడు
ఆగున్రి ఆగున్రి. బొచ్చులేని జాతిల బొచ్చున్నయి పుడతయా?

జన్యు_జంగయ్య
ప్రతి ఈతలోనూ పుట్టొచ్చు. లెక్క చెబుతా. బొచ్చులేని ప్రతి షోలో దగ్గరా మారిన కాపీ ఒకటి, మామూలు కాపీ ఒకటి ఉంటాయి. రెండు కాపీలూ మారినవైతే ఆ పిల్ల కడుపులోనే పోతుంది, పుట్టదు. కాబట్టి బొచ్చులేని ఇద్దరిని కలిపితే పుట్టేవాటిలో సగటున మూడింట రెండు వంతులు బొచ్చులేనివి, ఒక వంతు బొచ్చుతో. "మా దగ్గర తరతరాలుగా నూటికి నూరూ బొచ్చులేనివే పుడతాయి" అని ఎవరైనా బ్రీడరు అంటే లేచి వచ్చెయ్యండి.

గ్వాదలహారా_గిరి
మా ఆఫీసులో ఒకతను ఆ పనే చేశాడు, తిరగేసి. తల్లీ తండ్రీ బొచ్చులేనివి, పిల్లల్లో ఒకటి నల్లటి కురచ బొచ్చుతో పుట్టింది. ఊరకుక్క దూరి ఉంటుందని బ్రీడరుతో తగాదా పెట్టుకున్నాడు. ఆ పిల్లనే తక్కువ ధరకి వేరేవాళ్ళు తీసుకెళ్ళారు. ఇప్పుడు అది అద్భుతంగా ఉంది, మొటిమల బాధ లేదు, పళ్ళు నిండా.

పశువుల_డాక్టర్
తులసిగారూ, పళ్ళు తక్కువ ఉన్నాయంటే ఉన్నవాటి మీద శ్రద్ధ ఎక్కువ పెట్టాలి. ఆ పళ్ళ వేళ్ళు పొట్టిగా ఉంటాయి, తొందరగా ఊడతాయి. కుక్కల పేస్టుతో రోజూ బ్రష్ చెయ్యండి. మనుషుల పేస్టు వద్దు, కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కకి విషం. కొమ్ములు, ఎముకలు కొరకనివ్వకండి. మెత్తటి రబ్బరు బొమ్మలు ఇవ్వండి. తినడానికి ఇబ్బందేం ఉండదు, కుక్కలు నమలడం కంటే మింగడమే ఎక్కువ.

ఇంకోటి. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్ళ రంగు పీల్చేస్తుంది, పాతవి వాడండి. మనుషుల మొటిమలకి అమ్మే 5, 10 శాతం మందు వద్దు, కుక్క చర్మం మంటెత్తుతుంది. షాంపూ అయ్యాక పొడిబారుతుంది కాబట్టి అన్నపూర్ణగారు చెప్పిన పలచటి లోషన్ అప్పుడు వాడండి.

తెనాలి_తులసి
మా అమ్మ ఈ చర్చంతా చదివింది. డాక్టరు గారిని అడగమంది: నువ్వుల నూనె వద్దు సరే, ఆముదం?

పశువుల_డాక్టర్
అమ్మగారూ, ఆముదం ఇంకా చిక్కన. నూనె మీద చెయ్యి ఆగకపోతే వాడి పంజాల కింద మెత్తలు పగిలినప్పుడు అక్కడ కాస్త కొబ్బరినూనె రాయండి. నాకేస్తాడు, నష్టం లేదు. టీ ట్రీ నూనె మాత్రం ఇంట్లో ఉంటే వాడికి అందకుండా పెట్టండి, కుక్కలకి విషం. సున్నిపిండి రవ్వ చర్మాన్ని గీకుతుంది, చీము పొక్కుల మీద అసలే వద్దు.

క్రెస్టెడ్_చిన్ని
చూశారా, కొబ్బరినూనె నష్టం లేదన్నారు!

అరిజోనా_అన్నపూర్ణ
పాదాలకి అన్నారమ్మా చిన్నీ.

క్రెస్టెడ్_చిన్ని
మాది బెంగళూరు, ఏసీ కూడా లేదు. చలికాలంలో మా చిన్నదాని వీపు తెల్లగా పొలుసు లేస్తుంది. నాలుగు చుక్కలు అరచేతిలో రుద్ది పై పైన రాస్తాను. నా కుక్కకి పడింది, నేను రాస్తాను. బొచ్చు లేనంత మాత్రాన ప్రతి చర్మం ఒకటి కాదు.

పశువుల_డాక్టర్
పొలుసు లేస్తోంది, మొటిమల్లేవు, నాలుగు చుక్కలే. అలాగైతే కొనసాగించండి. నేరేడుకి మొటిమలున్నాయి, రోజూ గిన్నెడు. రెండు కేసులు వేరు.

ఓరుగల్లు_పోరడు
అసలు ముచ్చటకి వస్త. నాకు హైదరాబాదుల ఒక షోలో పెంచుకోవాలని ఉంది. మస్తు నచ్చింది. బయటి నుంచి తెప్పించొచ్చా? కూకట్‌పల్లి ఎండకి తట్టుకుంటదా?

గ్వాదలహారా_గిరి
అమ్మకానికో పిల్లలు పెట్టించడానికో విదేశీ కుక్కల్ని ఇండియాకి తేవడం 2016లో బంద్ చేశారు. బయట రెండేళ్ళు ఉండి సామానుతో సహా తిరిగొచ్చేవాళ్ళు తమ పెంపుడు కుక్కల్ని బ్యాగేజీ కింద తెచ్చుకోవచ్చు, రెండు వరకు. ముందుగా జంతు క్వారంటైన్ వాళ్ళ ఎన్‌ఓసీ తీసుకోవాలి, రేబిస్ టీకా నెల ముందే అయ్యుండాలి. హైదరాబాదు ఎయిర్‌పోర్టులోనే దిగొచ్చు. నువ్వు వరంగల్‌లో కూర్చుని పార్సిల్ తెప్పించుకుంటానంటే కుదరదు తమ్ముడూ. ఆన్‌లైన్‌లో "ఇంపోర్టెడ్ షోలో, లక్షన్నర" అని కనిపిస్తే అది గుండు కొట్టిన ఏదో కుక్క.

బుజ్జిగాడి_నాన్న
తిరుపతి నుంచి తిరిగొచ్చింది అయ్యుంటుంది.

ఓరుగల్లు_పోరడు
మరి మెక్సికో నుంచి అమెరికాకి?

గ్వాదలహారా_గిరి
అది సులువే. 2024 ఆగస్టు నుంచి అమెరికాలోకి వచ్చే ఏ కుక్కకైనా 6 నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ ఫారం నింపాలి. మెక్సికోలో కుక్కల నుంచి మనుషులకి రేబిస్ చావులు లేవని 2019లో డబ్ల్యూహెచ్‌ఓ ధ్రువీకరించింది కాబట్టి, ఇండియా నుంచి వచ్చే కుక్కకి పెట్టినన్ని షరతులు పెట్టరు. ఇప్పుడు స్క్రూవార్మ్ గోల ఉంది, పుండ్లలో గుడ్లు పెట్టే ఈగ. దానికి బయల్దేరే ముందు డాక్టరు సర్టిఫికెట్ అడుగుతున్నారు. గీతలు పడ్డ షోలో ఒళ్ళు బోర్డర్ దగ్గర వాళ్ళు బాగా వెతుకుతారు, చూడ్డానికి సులువు కదా.

కడప_కారం
@ఓరుగల్లు_పోరడు కూకట్‌పల్లిలో దాన్ని బయటికి తీసుకుపోయినావంటే అపార్ట్‌మెంటోళ్ళు గజ్జి కుక్క అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. సెక్రటరీకి జన్యువు గురించి చెప్పుకుంటా కూర్చో.

క్రెస్టెడ్_చిన్ని
కడప గారు చెప్పింది నూటికి నూరు నిజం. మా వాచ్‌మన్ లిఫ్ట్‌లో ఎక్కనివ్వలేదు. డాక్టరు చేత "ఇది రోగం కాదు, జాతి" అని లెటర్‌హెడ్ మీద రాయించి ఫోనులో పెట్టుకున్నాను. ఇప్పుడు అదే వాచ్‌మన్ వచ్చినవాళ్ళందరికీ పిలిచి చూపిస్తాడు.

అరిజోనా_అన్నపూర్ణ
ఎండ సంగతి చెప్తాను. నల్లవి తట్టుకుంటాయి, అలా అని మిట్టమధ్యాహ్నం తిప్పకూడదు. గులాబీ మచ్చలు ఉన్నవాటికి ఆ మచ్చ దగ్గర కాలుతుంది. మా మొదటి కుక్కకి పొట్ట దగ్గర తెల్ల మచ్చ ఉండేది, వెల్లకిలా పడుకుని ఎండ కాగడం దానికి ఇష్టం. అక్కడ చర్మం గరుకుగా, ఎర్రగా మారి చివరికి కోసి తీయాల్సొచ్చింది. తులసిగారూ, ఛాతీ మచ్చ జాగ్రత్త. పలచటి కాటన్ టీ షర్టు అన్నిటికంటే మేలు. చిన్నపిల్లలవి సరిపోతాయి.

తెనాలి_తులసి
సన్‌స్క్రీన్ రాయొచ్చా? మాది ఇంట్లో ఉంది.

పశువుల_డాక్టర్
మనుషులది వద్దు. చాలావాట్లో జింక్ ఆక్సైడ్, సాలిసిలేట్లు ఉంటాయి, నాకితే కడుపులోకి పోతాయి. కుక్కల కోసమే చేసింది కొనండి, రాసి ఆరేదాకా నాకకుండా ఆడించండి. టీ షర్టు ఉంటే దాని అవసరమే రాదు.

అక్కడ గోమార్లు కూడా ఎక్కువ. మెడ మీద పోసే మందులు ఈ చర్మానికి కొన్నిసార్లు మంట పుట్టిస్తాయి. నోటి మాత్రలు అడగండి, ఫ్లూరాలనర్, అఫాక్సోలనర్ లాంటివి. వాడికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ముందే చెప్పండి, అప్పుడు ఆ మాత్రలు ఇవ్వడానికి ఆలోచిస్తారు. ఒకటే సుఖం, గోమారు పడితే ఆ క్షణమే కనిపిస్తుంది.

పాతరాతియుగం
ఎవరైనా మెక్సికో సిటీ వైపు వెళ్తే షోచిమిల్కోలో డోలోరెస్ ఓల్మెడో మ్యూజియం గురించి కనుక్కోండి. తోటలో షోలోలు తిరుగుతుండేవి. మెక్సికో చిత్రకారులు ఫ్రీడా కాలో, డియెగో రివేరా కూడా ఇంట్లో ఇవే పెంచారు. పెరూ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి 2001లో తమ బొచ్చులేని కుక్కని చట్టం చేసి జాతీయ వారసత్వంగా ప్రకటించారు. అక్కడి రాజధాని లీమాలో వాకా పుక్యానా అని మట్టి ఇటుకల పిరమిడ్ ఉంది, దాని నీడలో ఆ కుక్కలు పడుకుని టూరిస్టులని పట్టించుకోవు.

కడప_కారం
మన లేపాక్షిలో కూడా ఆ గొప్ప బసవన్న పక్కన వీధి కుక్కలు అట్లే పడుకుంటాయి. చట్టం ఎవురు చేస్తారు?

ఓరుగల్లు_పోరడు
కడపన్న మాట నాకు తలకెక్కింది. షోలో పక్కన పెట్టిన. మా గల్లీల ఒక పిల్ల ఉంది, గజ్జితోటి బొచ్చంత పోయింది, ముట్టుకుంటే కాలుతది. డాక్టరు గారూ దానికేం చెయ్యాలె?

పశువుల_డాక్టర్
స్క్రేపింగ్ అక్కడా మొదలు. సార్కోప్టెస్ అయితే మీకూ దురద అంటుకుంటుంది, చేతికి గ్లౌజు వేసుకోండి. హన్మకొండలో పశువుల ఆసుపత్రి ఉంటుంది, తీసుకెళ్ళండి. బరువు తూచకుండా ఐవర్‌మెక్టిన్ సూది ఎవరు పొడుస్తానన్నా ఒప్పుకోవద్దు. ఇంజనాయిలు, గంధకం, వేపనూనె ఏదీ పుయ్యకండి.

కడప_కారం
సంతోషం పోరడా. ఖర్చుకి తక్కువైతే చెప్పు, నేనొక చెయ్యేస్తా.

తెనాలి_తులసి
చీము పొక్కులు ఎండిపోయాయి. నల్ల గింజలు ఇంకా ఉన్నాయి, డాక్టరమ్మ నెమ్మదిగా పోతాయంది. టీ షర్టుల గురించి ఒక్క మాట అన్నపూర్ణగారూ. పిల్లల సెక్షన్‌లో ఏ సైజు? నేను తెచ్చింది మెడ దగ్గర బిగుసుకుంది, పొట్ట దగ్గర గోనెసంచీ.

అరిజోనా_అన్నపూర్ణ
పొడవు చూడకండి, ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. దానికి రెండు అంగుళాలు కలిపి కొనండి. మెడ కుట్టు కత్తిరించేసి, పొట్ట దగ్గర పక్కన ముడి వెయ్యండి. ఊలువి కాకుండా కాటన్‌వే. చలికాలానికి ఫ్లీస్ దొరుకుతుంది, లోపల లేబుల్ కత్తిరించాకే తొడగండి, లేకపోతే వీపు గోక్కుంటాడు.